లెక్కల పీరియడ్‌లో చింతపిక్కలు: తరగతి మొత్తాన్నీ పనిలోకి దింపడం ఎలా

ప్రశ్న వేయగానే ముందు బెంచీల్లో ముగ్గురో నలుగురో చెయ్యెత్తుతారు. మిగతావాళ్లు వాళ్ల జవాబు కోసం చూస్తూ కూర్చుంటారు. ఆట పెట్టినా, చార్టు తెచ్చినా చాలాసార్లు ఇదే కథ: చురుకైనవాళ్లు ఆడతారు, మిగతావాళ్లు ప్రేక్షకులు. కొత్త వస్తువు మీద మోజు పది నిమిషాలకి తీరిపోతుంది. అదే, ఏం జరగబోతోందో ప్రతి ఒక్కరూ ముందే నోట్‌బుక్‌లో రాసుకుని ఉంటే, తాము రాసింది నిలుస్తుందో లేదో తేలేదాకా చూపు తిప్పరు. అందుకే కింది మూడు పనులూ ఊహ రాయించడంతోనే మొదలవుతాయి. ఈ ఒక్క మెట్టు దాటేస్తే మిగతా శ్రమంతా వృథా.

అష్టాచెమ్మాతో సంభావ్యత (పదో తరగతి)

నలభై మంది ఉన్న తరగతికి నలుగురేసి పది గ్రూపులు. గ్రూపుకి నాలుగు చింతపిక్కలు, పోతే పనికొచ్చేలా ఒకటి అదనం, మొత్తం యాభై. పిక్కను గరుకు బండ మీద అరగదీస్తే ఒక వైపు తెల్లగా, చదునుగా వస్తుంది. ముందు రోజు తలా ఒకటి అరగదీసి తెమ్మంటే సరిపోతుంది. మిగిలిన పది మీరు చూసుకోండి. సగం సగం అరిగినవి పక్కన పెట్టండి, వాటితో ఏది తెలుపో ఏది నలుపో అన్న తగువు తెగదు. తెల్లవైపు పెన్నుతో 1, 2, 3, 4 అని అంకెలు వేయించండి. ఇవి ఆటకి అక్కర్లేదు గానీ తర్వాత పట్టిక రాసేటప్పుడు వీటితోనే పని.

నాలుగు పిక్కలూ వేస్తే తెల్లవైపు పైకి పడేవి 0, 1, 2, 3, 4 ఎన్నయినా కావచ్చు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, ఒక్కటీ పడకపోతే అష్ట. ఇంతవరకు పిల్లలకి తెలిసిన ఆటే. పిక్కలు చేతికివ్వక ముందే ఈ రెండు ప్రశ్నలకి జవాబు రాయించండి: 32 సార్లు వేస్తే ఏది ఎక్కువసార్లు పడుతుంది? అష్ట ఎన్నిసార్లు పడుతుంది? చాలామంది ఆరు అని రాస్తారు. అయిదు రకాలున్నాయి కాబట్టి అన్నీ సమానంగా పడతాయని వాళ్ల లెక్క. ఆ పొరపాటు బయటికి రావడమే మనకి కావాలి. అప్పుడే దిద్దకండి.

గ్రూపులో ఒకరు వేయాలి, ఒకరు తెల్లవి లెక్కపెట్టి పైకి చెప్పాలి, ఒకరు టాలీ గీతలు గీయాలి, ఇంకొకరు గీసింది సరిచూడాలి. ఎనిమిదేసి సార్లకి పనులు మారాలి. 32 పూర్తయ్యేసరికి నలుగురూ నాలుగు పనులూ చేసి ఉంటారు. పిక్కలు రెండు అరచేతుల మధ్య గిలకరించి, జానెడు ఎత్తు నుంచి పరిచిన తువ్వాలు మీద వదలమనండి. బల్ల మీద వేస్తే చప్పుడు పక్క తరగతిదాకా పోతుంది, సగం పిక్కలు బెంచీల కిందకి దొర్లుతాయి. ఏదైనా పిక్క అంచు మీద నిలబడితే నాలుగూ మళ్లీ వేయాలి. ఆ ఒక్కదాన్నే మళ్లీ వేయనిస్తే తమకి నచ్చినప్పుడల్లా ఒకటి ‘నిలబడడం’ మొదలవుతుంది.

గెలుపు, బహుమతి, పాయింట్లు పెట్టకండి. బహుమతి ఉందంటే టాలీ గీతలు ఊహల వెంట నడుస్తాయి. పందెం అన్న మాట కూడా వాడకపోవడం మంచిది, హెడ్మాస్టరు గారు అటుగా వస్తే వివరణ పొడుగవుతుంది.

45 నిమిషాల పీరియడ్‌లో ఊహకి 5, పంపకానికి 3, వేయడానికి 10, బోర్డు మీద లెక్కలు కూడడానికి 7, కారణం తేల్చడానికి 15 నిమిషాలు పెట్టుకోండి. మిగిలిన అయిదూ ఎలాగూ జారిపోతాయి. ఎక్కువమంది టీచర్లు వేయడానికే అరగంట ఇచ్చి కారణం దగ్గరికి వచ్చేసరికి గంట కొట్టించుకుంటారు. అలా అయితే పిల్లలకి మిగిలేది ఆట మాత్రమే.

బోర్డు మీద పది అడ్డు వరుసలు, అయిదు నిలువు వరుసలు గీయండి. ఒక్కో గ్రూపు నుంచి ఒకరు వచ్చి తమ సంఖ్యలు రాయాలి. కింద మొత్తాలు కూడితే 320 రావాలి. రాకపోతే ఏ వరుస 32 కాలేదో పిల్లలనే వెతకమనండి. విడివిడి గ్రూపుల సంఖ్యలు ఇష్టమొచ్చినట్టు ఉంటాయి, మొత్తాల్లో మాత్రం మధ్య వరుస ఉబ్బి, చివర్లు సన్నబడి కనిపిస్తాయి. ‘ఆరు’ రాసినవాళ్లు ఎందుకని అడిగే సమయం ఇదే. వాళ్లు అడిగాకే పట్టిక మొదలుపెట్టండి.

పిక్కల అంకెల పని ఇక్కడ. రెండే తెల్లగా పడడానికి ఎన్ని దారులు? 1-2, 1-3, 1-4, 2-3, 2-4, 3-4: ఆరు. కొందరు 2-1 కూడా రాసి పన్నెండు చేస్తారు. అప్పుడు మాటలతో వాదించకుండా, పిక్కలు చేతికిచ్చి 1-2 కి, 2-1 కి తేడా బల్ల మీద పెట్టి చూపించమనండి. చూపించలేరు. ఒకటి తెల్లగా పడడానికి నాలుగు దారులు, మూడుకి నాలుగు, చెమ్మకి ఒకటి, అష్టకి ఒకటి. మొత్తం 16. ఈ పదహారూ సమసంభవాలని, అంటే ఒక్కోటి పడే అవకాశం సమానమని ఒప్పుకుంటే 320 సార్లలో 20, 80, 120, 80, 20 పడాలి. 32 సార్లలో అష్ట రెండే.

మీ బోర్డు మీద ఇవి అచ్చంగా రావు. కొంత తేడా ఎటూ ఉండేదే. తేడా అంతా ఒకే వైపు మొగ్గితే మాత్రం పిక్కను అనుమానించాలి. అరగదీసిన పిక్క నాణెం కాదు, దాని రెండు వైపులూ ఒకేలా ఉండవు. ఎంత తేడా ఉందో పిల్లలే కట్టగలరు. 320 సార్లు నాలుగేసి పిక్కలంటే 1280 పిక్కలు పడ్డాయి. ప్రతి నిలువు వరుస మొత్తాన్ని దాని తెల్లవాటి సంఖ్యతో గుణించి కూడితే తెల్లగా పడినవెన్నో వస్తుంది. ఉదాహరణకి 720 వచ్చాయనుకుందాం. అంటే ఒక్కో పిక్క తెల్లగా పడే అవకాశం సగం కాదు, 720/1280, అంటే 9/16. ఈ కాస్త మొగ్గుకే చెమ్మ పడే అవకాశం (నాలుగు 9/16లను గుణిస్తే వచ్చేది) దాదాపు పదింట ఒకటవుతుంది: 320 లో 32 సార్లు. అష్ట 12 కి పడిపోతుంది. ఈ గుణకారం పదో తరగతి సిలబస్ దాటింది, అడిగినవాళ్లకే చూపించండి. మిగతావాళ్లకి రూపాయి నాణేలు నాలుగు ఇచ్చి ఇంట్లో అదే పని చేసి రమ్మంటే చాలు.

గ్రూపుల సంఖ్యలతో బోర్డు మీద వేసిన పట్టిక చెరిపేయకుండా ఎవరిచేతనైనా కాగితం మీదకి ఎక్కించండి. సాంఖ్యక శాస్త్రం పాఠంలో సగటు చెప్పేటప్పుడు పుస్తకంలోని దత్తాంశం కంటే ఇదే బాగా పనికొస్తుంది.

రెండుసార్లు రాయించే జవాబు (ఆరు, ఏడు తరగతులు)

దీనికి పలక చాలు. పలకలు లేకపోతే రఫ్ నోట్‌బుక్‌లో పేజీ నిండా పెద్ద అక్షరాలు. బోర్డు మీద 0.5, 0.35 రాసి ఏది పెద్దదో రాయమనండి. ముప్ఫై సెకన్లు మౌనం. ‘ఎత్తండి’ అన్నాకే అందరూ ఒక్కసారి ఎత్తాలి. ముందే ఎత్తితే పక్కవాడి పలక చూసి చెరిపి రాసేస్తారు. ఎంతమంది ఏది రాశారో లెక్కపెట్టి బోర్డు మీద వేయండి. మీ ముఖంలో ఏమీ కనపడకూడదు. మాస్టారి కనుబొమలు చదవడంలో మన పిల్లలు ఆరితేరినవాళ్లు.

తర్వాత వేరే జవాబు రాసినవాళ్లని వెతుక్కుని రెండు నిమిషాలు వాదించుకోమనండి, మళ్లీ రాయించండి. 35 పెద్దది, 5 చిన్నది కాబట్టి 0.35 పెద్దదని రాసినవాళ్లలో కొందరు మారతారు. మారనివాళ్ల కోసం చాలామంది టీచర్లు డబ్బు ఉదాహరణ అందుకుంటారు: అర్ధరూపాయి 50 పైసలు, ఇది 35 పైసలు. వెంటనే పనిచేస్తుంది, కానీ 0.5, 0.125 ఇస్తే కుప్పకూలుతుంది, పైసల్లో మూడో స్థానం లేదు. మీటరు స్కేలు మేలు: 500 మిల్లీమీటర్లు, 125 మిల్లీమీటర్లు పక్కపక్కన వేలితో చూపించవచ్చు.

అందరూ ఒకే జవాబు రాసే ప్రశ్న ఇక్కడ పనికిరాదు, వాదించడానికి అవతలి పక్షం ఉండదు. తరగతి దాదాపు రెండుగా చీలే ప్రశ్న కావాలి. పాత పరీక్ష పేపర్లలో ఎక్కువమంది తప్పు చేసిన లెక్కలు తీసి పెట్టుకుంటే ఏడాదంతా సరిపోతాయి.

పుల్లల కట్టలు (మూడో తరగతి)

302 లోంచి 147 తీసేటప్పుడు మధ్యలో సున్నా దగ్గర పిల్లలు ఆగిపోతారు. చీపురు పుల్లలు వేలెడు పొడవున విరిచి, పదేసి కట్టలుగా, పది కట్టలు ఒక వంద కట్టగా రబ్బరు బ్యాండ్లు వేయండి. గ్రూపుకొక సెట్టు అంటే మూడు వేల పుల్లలవుతాయి, అంత ఓపిక ఎవరికీ ఉండదు. వందలకి తరగతి మొత్తానికి ఒక సెట్టు చాలు. 99 లోపు లెక్కలకి గ్రూపులకి విడిగా ఇవ్వండి.

‘ఏడు పుల్లలు ఇవ్వాలి, విడివి రెండే ఉన్నాయి. ఏ కట్ట విప్పుతారు?’ ముందు ఇది పలక మీద రాయాలి. ‘పది కట్ట’ అని రాసినవాడిని పిలిచి విప్పమంటే అక్కడ పది కట్టే లేదని వాడే చూస్తాడు. వంద విప్పితే పది కట్టలు, అందులో ఒకటి విప్పితే విడివి పన్నెండు. కట్టలు మీరు విప్పకండి, ఆలస్యమైనా పిల్లలే విప్పాలి. ఇచ్చాక మిగిలేది ఒక వంద, అయిదు పదులు, అయిదు విడివి. ప్రతి మెట్టు తర్వాత బోర్డు మీద అంకె కొట్టేసి పైన కొత్తది రాయించండి. పుల్లల పని ఒక రోజు, అంకెల పని ఇంకో రోజు పెట్టుకుంటే రెండింటికీ సంబంధం ఉందని చాలామందికి తట్టదు.