లినక్స్ ఇంటిపని, 7వ పాఠం: డొంక కదలకుండా తీగ లాగడం

పోయిన పాఠంలో ఉబుంటు 24.04లో ఉన్న గ్నోమ్ డెస్క్‌టాప్‌ను కదపకుండా, పక్కనే కేడీఈ ప్లాస్మా 5.27 అనే ఇంకో డెస్క్‌టాప్ పెట్టుకున్నాం. కొట్టింది ఒక్క లైను: సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ కుబుంటు-డెస్క్‌టాప్. (సుడో అంటే అడ్మిన్ అధికారంతో అని, ఆప్ట్ అంటే ప్యాకేజీలను తెచ్చే, తీసే ప్రోగ్రాం.) కొన్నాళ్లు వాడారు. మెనూలో రెండు ఫైల్ మేనేజర్లు, రెండు టెర్మినళ్లు, రెండు సెట్టింగ్స్ చూసి విసుగొచ్చింది. ఇప్పుడు ప్లాస్మా వద్దు. ఒక్క లైనుతో వచ్చింది కాబట్టి ఒక్క లైనుతోనే పోతుందా?

కొట్టి చూద్దాం. (కమాండ్లను పలికినట్టే తెలుగులో ఇస్తాను, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టాలి. మొదటి పాఠం నుంచీ ఉన్న ఒప్పందమే.)

సుడో ఆప్ట్ పర్జ్ కుబుంటు-డెస్క్‌టాప్

పర్జ్ అంటే సిస్టమ్ సెట్టింగ్ ఫైళ్లతో సహా తీసేయమని. ఒకే ఒక్క ప్యాకేజీ తీస్తానంటుంది, ఖాళీ అయ్యే జాగా కొన్ని కేబీలే. సరేనని రీస్టార్ట్ చేస్తే లాగిన్ తెరలో ప్లాస్మా అలాగే కూర్చుని ఉంటుంది.

ఎందుకంటే కుబుంటు-డెస్క్‌టాప్ అనేది మెటాప్యాకేజీ. దాని లోపల ప్రోగ్రామేమీ లేదు. అది సరుకుల చీటీ లాంటిది: ప్లాస్మా కావాలి, డాల్ఫిన్ (ఫైల్ మేనేజర్) కావాలి, కాన్సోల్ (టెర్మినల్) కావాలి అని రాసి ఉంటుంది. చీటీ పట్టుకెళ్లి ఆప్ట్ సరుకులన్నీ తెచ్చి డబ్బాల్లో పోసింది. ఇప్పుడు మీరు చీటీ చింపేశారు. చీటీ చింపితే డబ్బాల్లో పప్పులు మాయమవుతాయా?

‘ఆటోరిమూవ్ ఉంది కదా’ అంటారు. ఒక ప్యాకేజీ మీరు అడిగితే వచ్చిందా, ఇంకోదాని వెంట తోకలా వచ్చిందా అన్నది ఆప్ట్ గుర్తు పెట్టుకుంటుంది. తోకగా వచ్చినదాన్ని ఎవరూ అడగకపోతే ఆటోరిమూవ్ తీసేస్తుంది. మామూలు ప్యాకేజీలకు ఇది బాగానే పనిచేస్తుంది. మెటాప్యాకేజీల దగ్గర మాత్రం ఉబుంటులో వేరే నియమం ఉంది: చీటీ పోయినా, అందులోని సరుకుల్ని మీరే కావాలని తెచ్చుకున్నట్టు లెక్క. అందుకే ఆటోరిమూవ్ కొట్టినా పెద్దగా ఏమీ కదలదు. నన్నడిగితే ఈ నియమం మంచిదే. ఎవరో తెలియక ఉబుంటు-డెస్క్‌టాప్ అనే చీటీని తీసేస్తే మొత్తం గ్నోమ్ ఊడిపోకుండా ఆపుతున్నది ఇదే.

ఈ దశలో చాలామంది ఒక అడ్డదారి తొక్కుతారు: ‘కేడీఈ’ పక్కన నక్షత్రం గుర్తు పెట్టి పర్జ్ కొట్టడం. ఆ పేరుతో మొదలయ్యేవన్నీ పోతాయి. వీడియో ఎడిటింగ్‌కి వాడే కేడెన్‌లైవ్ పేరు కూడా ‘కేడీఈ’ అక్షరాలతోనే మొదలవుతుంది. ఫోన్‌ని కలిపే కేడీఈ కనెక్ట్ కూడా అంతే. అవి గ్నోమ్‌లోనూ హాయిగా పనిచేసేవి. పోనీ అన్నీ పోతాయా అంటే అదీ లేదు. డాల్ఫిన్, కాన్సోల్, ప్లాస్మాతో వచ్చిన లాగిన్ తెర ఎస్‌డీడీఎం, వీటి పేర్లలో కేడీఈ అన్న ముక్కే లేదు.

అసలు భయపడాల్సింది ఉమ్మడి సరుకుల గురించి. 1996లో మొదలైన కేడీఈ క్యూటీ అనే టూల్‌కిట్ మీద, మరుసటి ఏడాది వచ్చిన గ్నోమ్ జీటీకే అనే ఇంకో టూల్‌కిట్ మీద కట్టినవి. కాబట్టి పై అంతస్తులో రెండు వంటిళ్లూ వేరువేరే. కింద నీళ్ల ట్యాంకు మాత్రం ఒక్కటే: నెట్‌వర్క్ మేనేజర్, ఆడియో, ప్రింటింగ్. ఒకసారి నేను జాబితా చదవకుండా ‘వై’ కొట్టేసి, రాత్రి పదకొండింటికి వైఫై గుర్తు లేని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా. నెట్‌వర్క్ మేనేజర్ పోయింది. దాన్ని మళ్లీ తెచ్చుకోవాలంటే నెట్ కావాలి! మర్నాడు ఇంకో కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో మోసుకొచ్చేదాకా టెన్షనే. 2021 నవంబరులో యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే ఇంకో లినక్స్‌లో స్టీమ్ అనే ఆటల యాప్ ఇన్‌స్టాల్ చేయబోతే, ప్యాకేజీల్లో దొర్లిన తప్పు వల్ల మొత్తం డెస్క్‌టాప్ ఊడిపోయింది. ఊడిపోయేవాటి జాబితా అప్పుడూ తెర మీదే ఉంది.

ఇక పని. ముందు ప్లాస్మా నుంచి లాగౌట్ అయి గ్నోమ్‌లోకి రండి. కూర్చున్న కొమ్మను నరుక్కోకూడదు. తర్వాత లాగిన్ తెరను గ్నోమ్ వాళ్ల జీడీఎంకి అప్పగించాలి:

సుడో డీప్యాకేజ్-రీకాన్ఫిగర్ జీడీఎం3

(మొదటి మాటను డీ, పీ, కే, జీ అనే నాలుగు అక్షరాలతో కొట్టాలి.) తెర మీద పెట్టె వస్తుంది, బాణం గుర్తులతో జీడీఎం3 ఎంచుకుని రీస్టార్ట్ చేయండి. ఈ పని చేయకుండా ఎస్‌డీడీఎంని తీసేస్తే నల్ల తెర ఎదురుకావచ్చు. అలా జరిగితే కంగారు పడొద్దు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే టెక్స్ట్ లాగిన్ వస్తుంది, ఇదే కమాండ్ అక్కడ కొట్టొచ్చు.

తరువాత నీళ్ల ట్యాంకుకి తాళం, అంటే ఇవి నేనే అడిగినవి అని ఆప్ట్‌కి చెప్పడం:

సుడో ఆప్ట్-మార్క్ మాన్యువల్ నెట్‌వర్క్-మేనేజర్ ఉబుంటు-డెస్క్‌టాప్

ప్లాస్మా పెట్టిన రోజు ఏమేం వచ్చాయో ఊహించక్కర్లేదు. ఆప్ట్ చిట్టా రాస్తుంది. /వార్/లాగ్/ఆప్ట్ ఫోల్డర్‌లో హిస్టరీ.లాగ్ తెరవండి. పోయిన నెలలో పెట్టినవైతే పక్కనున్న జీజెడ్ ఫైళ్లలో ఉంటాయి, వాటిని జెడ్‌లెస్‌తో చూడొచ్చు. ‘కమాండ్‌లైన్’ దగ్గర కుబుంటు-డెస్క్‌టాప్ కనిపించిన చోట ఆగండి. దాని కింద ‘ఇన్‌స్టాల్’ అని మొదలై పేజీలకొద్దీ సాగే ఒకే ఒక్క లైను ఉంటుంది. ప్రతి ప్యాకేజీ పేరు, బ్రాకెట్లో వెర్షన్, చాలావాటి పక్కన ‘ఆటోమేటిక్’ అన్న మాట. మొత్తం కుబుంటు వలస అందులోనే ఉంది.

ఆ లైనును టెక్స్ట్ ఎడిటర్‌లోకి కాపీ చేసి, మొదట్లో ఉన్న ‘ఇన్‌స్టాల్:’ తీసేయండి. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఆన్ చేసి, ముందు ఒక ఖాళీ కొట్టి, వెంటనే ఇది పెట్టండి:

\([^)]*\),?

రీప్లేస్ గడి ఖాళీగా వదిలి, అన్నీ మార్చమనండి. బ్రాకెట్లు, కామాలు పోయి పేర్లు మాత్రమే మిగులుతాయి. వాటిని హోమ్‌లో ‘ప్లాస్మా’ అనే ఫైలుగా సేవ్ చేసి:

ఎక్స్‌ఆర్గ్స్ -ఏ ప్లాస్మా సుడో ఆప్ట్-మార్క్ ఆటో

అంటే వీటిని నేను అడగలేదు, తోకలే అని ఆప్ట్‌కి చెప్పినట్టు. ఆ జాబితా మొత్తాన్నీ నేరుగా పర్జ్ చేయొచ్చు కదా అని అడుగుతారు. చేయొచ్చు. కానీ ఈ మధ్యలో మీరు పెట్టుకున్న ఇంకో యాప్ వాటిలో ఒకదాని మీద ఆధారపడి ఉంటే, అదీ కొట్టుకుపోతుంది. ఆటో గుర్తు పెడితే అవసరమున్నది ఉండిపోతుంది.

ఇప్పుడు ఉత్తుత్తి రిహార్సల్:

ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్ --సిమ్యులేట్

దీనికి సుడో అక్కర్లేదు, ఏదీ తీయదు. టీ పెట్టుకుని జాబితా మొత్తం చదవండి. జీడీఎం3, ఉబుంటు-డెస్క్‌టాప్, గ్నోమ్-షెల్, నెట్‌వర్క్-మేనేజర్, గ్రబ్ (కంప్యూటర్‌ను బూట్ చేసేది) లాంటి పేర్లు కనిపిస్తే ఆగాలి. మీరు వాడుకునే యాప్ ఏదైనా కనిపించినా అంతే. దానికి మాన్యువల్ గుర్తు పెట్టి మళ్లీ రిహార్సల్ చేయండి. పాత కెర్నల్ (లినక్స్ గుండెకాయ) పేరు ఒకటో రెండో కనిపిస్తే అది మామూలే. అంతా సరిగ్గా ఉంటే సిమ్యులేట్ తీసేసి, ముందు సుడో చేర్చి కొట్టండి.

రీస్టార్ట్ అయ్యాక ఇంకా కొన్ని మిగిలి ఉండొచ్చు. ఉన్న ప్యాకేజీ ఏదైనా వాటిని ‘ఉంటే మంచిది’ అని సిఫారసు చేసినా, ఆప్ట్ వాటి జోలికి పోదు. ప్లాస్మా-డెస్క్‌టాప్, ఎస్‌డీడీఎం అలా మొండికేస్తే పేరు పెట్టి పర్జ్ చేయండి, ముందు సిమ్యులేట్‌తో.

పర్జ్ ఎంత చేసినా మీ హోమ్ ఫోల్డర్‌ను ముట్టుకోదు. కర్సర్ ఇంకా ప్లాస్మా బ్రీజ్ బాణంలాగే కనిపిస్తోందా? అది మీ సెట్టింగుల్లో ఉండిపోయింది:

జీసెట్టింగ్స్ రీసెట్ ఆర్గ్.గ్నోమ్.డెస్క్‌టాప్.ఇంటర్‌ఫేస్ కర్సర్-థీమ్

ఐకాన్-థీమ్, జీటీకే-థీమ్ లకీ ఇదే కమాండ్. హోమ్‌లో దాగి ఉండే .కాన్ఫిగ్ ఫోల్డర్‌లో కేడీఈగ్లోబల్స్, కేవిన్ఆర్‌సీ లాంటి ఫైళ్లు కనిపిస్తాయి. వాటిని ఇప్పుడే డిలీట్ చేయకండి. ఏవేవి ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకుని రండి, 8వ పాఠం వాటితోనే మొదలుపెడదాం.