పాత గార్డెన్ ట్రాక్టర్ ముందు చక్రాలు పైకి లేవకుండా చేసిన మరమ్మతు

నా పాత గార్డెన్ ట్రాక్టర్‌కు ఇనుప యాంగిళ్లతో నేనే తయారు చేసిన చిన్న నాగలిని తగిలించి మొదటిసారి దున్నినప్పుడు, కర్రు గట్టి నేలలో దిగిన మరుక్షణమే ముందు చక్రాలు గాలిలోకి లేచాయి. ముందు భాగం తేలికగా ఉండడమే కారణమనుకొని బంపర్‌పై 20 కిలోల ఇనుప దిమ్మెలు రెండు బిగించాను గానీ, తేడా స్వల్పంగానే కనిపించింది.

తీరా కొలిచి చూస్తే, నాగలిని తగిలించే కొక్కేన్ని వెనుక ఇరుసు కంటే 4 అంగుళాలు ఎత్తులో వెల్డింగ్ చేసినట్లు తేలింది. లాగే బిందువు ఇరుసుకు పైన ఉన్నప్పుడు నాగలి బరువుగా పట్టుకున్న కొద్దీ ట్రాక్టర్ వెనక్కి తిరగబడే ప్రమాదం పెరుగుతుంది. ఇది నడిపేవారి ప్రాణానికే ముప్పు కనుక ఈ కొలతను ఎవరూ ఉపేక్షించకూడదని నా గట్టి అభిప్రాయం.

బ్యాటరీ తీగలు విప్పి, పెట్రోలు ట్యాంకును దూరంగా పెట్టి, ఆ కొక్కేన్ని కోసివేసి ఇరుసుకు దిగువన మందపాటి పలకపై మళ్లీ అతికించాను. వెనుక చక్రాలు జారకుండా టైర్లలో సుమారు 75 శాతం నీరు నింపాను. నాగలిని కలిపేచోట మెత్తటి ఉక్కు బోల్టు వాడాను. రాయి తగిలితే అదే ముందు తెగి గేరుబాక్సును కాపాడుతుంది.