తుప్పు పట్టిన ఇనుప పెనాన్ని మళ్లీ అట్లకు సిద్ధం చేయడం ఎలా?

తుప్పు పట్టిందని ఇనుప పెనాన్ని పాత సామాన్లవాడికి వేసేయకండి. ఎర్రబడింది పై పొరే, లోపలి ఇనుము గట్టిగానే ఉంటుంది. నేను బాగుచేసిన పెనాల్లో సగం, అంతకుముందు ఎవరో బాగుచేయబోయి పాడుచేసినవే.

కావలసినవి: పెద్ద నిమ్మకాయంత చింతపండు, స్టీలు పీచు, రెండు పాత నూలు గుడ్డలు, పట్టకారు, నువ్వుల నూనె. నువ్వుల నూనే. కొబ్బరి నూనె సరిగ్గా పొర కట్టదు.

ముందు పొడి పెనాన్ని స్టీలు పీచుతో రుద్ది, రాలిన పొడంతా దులిపేయండి. తర్వాత చిక్కటి చింతపండు గుజ్జు పట్టించి, అరగంట ఆగి మళ్లీ రుద్దండి. వెనిగరైతే దానికి సమానంగా నీళ్లు కలపండి. రాత్రంతా నానబెట్టకండి. పులుపు తుప్పును కరిగించి ఊరుకోదు, ఇనుమునూ తింటుంది. పోత ఇనుమైతే ఈ దశలో వెల్లుల్లిలాంటి వాసన రావచ్చు, కంగారు పడకండి. ఇనుములో కొద్దిగా ఉండే కార్బన్, భాస్వరం యాసిడ్ తగిలినప్పుడు వాయువులుగా బయటికొస్తాయి, ఆ వాసన వాటిదే. కిటికీ తీసి పెట్టుకోండి.

ఇప్పుడు కడగాలి. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

తుప్పు వదిలిన ఇనుము పచ్చి పుండులాంటిది. కడిగి, నీళ్లు కారిపోవడానికి బోర్లించి, ఇంకో పనిలో పడతారు. తిరిగొచ్చేసరికి నారింజ రంగు మరకలు. పెనం మీద ఆరుతున్న ఒక్క నీటి బొట్టును వంగి చూడండి. అంచున గాలి బాగా అందుతుంది, నడుమ అందదు. నడుమ ఇనుము ఎలక్ట్రాన్లు వదిలి నీటిలో కరుగుతుంది, అంచున ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. రెండింటి మధ్య తుప్పు ఉంగరంలా కడుతుంది. నీళ్లలో ఉప్పుంటే ఇదంతా మరీ జోరుగా సాగుతుంది. అందుకే ఉప్పేసి తోమే చిట్కాను నేను మా వంటింట్లోకి రానివ్వను.

అల్యూమినియం మీద పుట్టే ఆక్సైడ్ పొర గట్టిగా అతుక్కుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పు గుల్లగా ఉబ్బి, రాలి, నీటికి దారిస్తుంది. ఢిల్లీ ఇనుప స్తంభం దాదాపు 1,600 ఏళ్లుగా ఎండకూ వానకూ నిలిచిందంటే, దాని ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండి పైన గట్టి పొర కట్టడానికి సాయపడింది. మన పెనానికి ఆ పొరను నూనెతో మనమే కట్టాలి.

కాబట్టి కడిగిన వెంటనే తుడిచి, అక్కడికక్కడే పొయ్యి మీద పెట్టండి. తడి కనబడకపోయినా ఇంకో రెండు నిమిషాలు ఉంచండి, సన్నటి గుంటల్లో నీళ్లు దాక్కుంటాయి. మంట తగ్గించి, అర చెంచా నూనెను గుడ్డతో ముందూ వెనకా, పిడితో సహా పూయండి. పెనం కాలుతూ ఉంటుంది, గుడ్డను పట్టకారుతోనే పట్టుకోండి. ఆ తర్వాత, పొరపాటున పూశామన్నట్టు, పొడి గుడ్డతో నూనెంతా తుడిచేయండి. తళతళలాడుతోందంటే ఇంకా ఎక్కువుందనే లెక్క. ఎక్కువ పోస్తే మంచిదనుకునేవాళ్లకు చెప్పి చెప్పి విసిగిపోయాను. పలుచటి నూనె వేడికి గట్టిపడి ఇనుముకు పట్టేస్తుంది. మందంగా ఉంటే జిగురై, అట్టును పట్టుకుని, అట్లకాడకు పెచ్చులుగా లేచొస్తుంది. ఆ పెచ్చుల కింద మళ్లీ తుప్పు.

పొగ మొదలై, తగ్గేదాకా కాల్చి, చల్లార్చండి. ఇలా మూడుసార్లు.

చివర్లో నేనొక పరీక్ష పెడతాను. చల్లారిన పెనాన్ని తడి బొటనవేలితో గట్టిగా రుద్ది, వేలు వాసన చూడండి. ఇనుము మామూలు వేడికి ఆవిరి కాదు, దానికి సొంత వాసన లేదు. 2006లో శాస్త్రవేత్త డీట్మార్ గ్లిండెమన్ బృందం తేల్చిన సంగతి ఇది: చెమటకు ఇనుము కొంచెం కరుగుతుంది, అది చర్మం మీద గాలికి మారిన కొవ్వులను విడగొడుతుంది. అప్పుడు పుట్టే 1-ఆక్టెన్-3-ఓన్ లాంటి పదార్థాలనే మనం ఇనుము వాసన అంటున్నాం. పుట్టగొడుగు వాసన కూడా ఆ 1-ఆక్టెన్-3-ఓన్‌లో ఉంది. అంటే ఆ వాసన మన చర్మానిది.

వేలికి వాసన అంటిందా, అక్కడ ఇనుము ఇంకా బయటే ఉంది. ఇంకో పూత వేయండి. వాసన రాకపోతే పిండి కలుపుకోండి.