18 నిండిన పిల్లల కారు లైసెన్స్ దరఖాస్తు, ఇంటి కారు ఇన్సూరెన్స్ ఖర్చు

ఇంటర్ అయిపోగానే నెల్లూరు, కావలి, ఒంగోలు పిల్లలు చాలామంది చదువుకు హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్తారు. కారు నేర్చుకుంటామని ఇంట్లో అడిగేదీ అప్పుడే. వెంటనే పెద్దవాళ్లకు పట్టుకునే టెన్షన్: పిల్లవాడు నడిపితే ఇన్సూరెన్స్ పెరుగుతుందా?

మన దగ్గర కారు పాలసీ రేటు నడిపేవాళ్ల వయసు కంటే బండిని బట్టే ఎక్కువగా ఉంటుంది. ఇంజిన్ సైజు, బండి ఐడీవీ (అంటే పాలసీలో బండికి కట్టిన ప్రస్తుత విలువ), రిజిస్ట్రేషన్ అయిన ఊరు, వెనకటి క్లెయిములు చూస్తారు. థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే ఎదుటివాళ్లకు జరిగే నష్టం కోసం కట్టేది, ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం 1000 నుంచి 1500 సీసీ మధ్య కారుకు ఏడాదికి 3,416 రూపాయలు, పైన జీఎస్టీ. నడిపేది తండ్రయినా కొడుకైనా అది మారదు. అసలు నష్టం వచ్చేది లైసెన్స్ సరిగ్గా లేనప్పుడు, చిన్న చిన్న క్లెయిములు వేసుకున్నప్పుడు. అందుకే లైసెన్స్ దరఖాస్తుతో మొదలుపెడదాం.

గేర్లున్న బండికైనా కారుకైనా 18 ఏళ్లు నిండాలి. ఒక్క నెల తక్కువున్నా తాళం ఇవ్వకండి. మైనర్ నడుపుతూ నేరం చేసి దొరికితే మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడే వీలుంది. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు.

దరఖాస్తు సారథి పరివాహన్ వెబ్‌సైట్‌లో చేయాలి. రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ ఎంచుకుని లెర్నర్ లైసెన్స్, అంటే మనం ఎల్ఎల్ఆర్ అనేదానికి, కొత్త దరఖాస్తు తెరవాలి. దానికంటే ముందు ఒక పని ఉంది. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ టెన్త్ సర్టిఫికెట్‌తో సరిపోయాయో లేదో చూడండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరాల్లో ఉండటం మన దగ్గర మామూలే. దరఖాస్తు మధ్యలో ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి తేడా ఉంటే ముందు ఆధార్ సరిచేయించుకోవాలి. ఆ తర్వాత వయసుకు టెన్త్ సర్టిఫికెట్, చిరునామాకు ఆధార్, ఫోటో, సంతకం అప్‌లోడ్ చేయాలి. ఆరోగ్యం బాగుందని ఫారం 1లో స్వయంగా రాసిస్తే చాలు. సొంత కారుకు, 40 ఏళ్ల లోపు వాళ్లకు డాక్టర్ సర్టిఫికెట్ అక్కర్లేదు.

బండి రకం అడిగినచోట కారుతో పాటు గేర్లున్న మోటారు సైకిల్ కూడా టిక్ పెట్టమని నా సలహా. ఎలాగూ బైక్ నడుపుతారు, మళ్లీ ఇదంతా మొదలుపెట్టే బాధ తప్పుతుంది. కేంద్ర నిబంధనల ప్రకారం ఎల్ఎల్ఆర్ ఫీజు ఒక్కో రకానికి 150, పరీక్షకు 50. రాష్ట్ర సర్వీస్ చార్జీలు దీనికి అదనం. ఫీజు కట్టాక స్లాట్ తీసుకుని కంప్యూటర్ మీద సైన్ బోర్డులు, రోడ్డు నియమాల పరీక్ష రాయాలి.

ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చిన 30 రోజుల తర్వాతే డ్రైవింగ్ పరీక్షకు వెళ్లాలి. హాస్టల్లో ఉండే పిల్లలకు ఈ లెక్క ముఖ్యం. సంక్రాంతి సెలవుల్లో ఎల్ఎల్ఆర్ తీసుకుంటే ఎండాకాలం సెలవుల్లో టెస్ట్‌కు గడువులోనే రావచ్చు. దసరాకు తీసుకుంటే ఎండాకాలం సెలవులు వచ్చేసరికి గడువు అయిపోతుంది.

ఇన్సూరెన్స్ సంగతి అసలు తేలేది ఈ నేర్చుకునే నెలల్లోనే. ఎల్ఎల్ఆర్ ఉన్నవాళ్లు నడిపినా మామూలు కారు పాలసీ వర్తిస్తుంది, కానీ కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 3వ నియమం పాటించి ఉండాలి. ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్ర ఎల్ అక్షరం ఉండాలి. అసలు లైసెన్స్ ఉన్నవాళ్లు, అవసరమైతే బండిని ఆపగలిగేలా పక్కనే కూర్చోవాలి. పిల్లవాడు ఒక్కడే హైవే ఎక్కి గుద్దితే మన కారు రిపేరుకు కంపెనీ డబ్బు ఇవ్వననవచ్చు. ఎదుటివాళ్లకు పరిహారం కంపెనీ చేత ఇప్పించినా, దాన్ని యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టు చెప్పవచ్చు. తండ్రి పొలమో ఇల్లో అమ్ముకునే పరిస్థితి రావడానికి ఇదొక్కటి చాలు. దయచేసి ఎల్ బోర్డు నామోషీ అనుకోకండి.

టెస్ట్ రోజు తీసుకెళ్లే కారుకు ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువులో ఉండాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు రివర్స్, పార్కింగ్, ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా కదిలించడం చేసి చూపాలి. తప్పితే ఏడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లవచ్చు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. టెస్ట్ ఫీజు ఒక్కో రకానికి 300, లైసెన్స్‌కు 200. ఈ వయసులో తీసుకున్న లైసెన్స్ 40 ఏళ్లు వచ్చేదాకా చెల్లుతుంది.

ఇక ఖర్చు తగ్గించుకునే సంగతి. కారు పిల్లవాడి పేరు మీదకు మార్చే తొందర వద్దు. క్లెయిమ్ లేని ఏళ్లకు వచ్చే ఎన్‌సీబీ తగ్గింపు 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతూ పోతుంది. అది యజమానిది, బండిది కాదు. పేరు మారితే పిల్లవాడు సున్నా నుంచి మొదలుపెట్టాలి.

సిటీ పార్కింగ్‌లో గీత పడినంత మాత్రాన క్లెయిమ్ వేయకూడదు. ఒక లెక్క చూడండి. 5,000 రూపాయల ప్లాస్టిక్ బంపర్ పగిలింది, జీరో డిప్రిసియేషన్ (పార్టుల పాతదనానికి కోత వేయని అదనపు కవర్) లేదు అనుకుందాం. ప్లాస్టిక్‌కు సగం కోత పోతే మిగిలేది 2,500. 1500 సీసీ లోపు కారుకు మనమే పెట్టుకోవాల్సిన 1,000 తీసేస్తే చేతికొచ్చేది 1,500. ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే మన కారు నష్టం కోసం కట్టేది, 12,000 ఉన్న కారుకు 50 శాతం ఎన్‌సీబీ ఉంటే, ఈ ఒక్క క్లెయిమ్‌తో వచ్చే రెన్యువల్‌లో పోయేది 6,000. ఆ 50 శాతం మళ్లీ రావాలంటే ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా గడవాలి. పాలసీ గడువు దాటి 90 రోజుల్లో రెన్యువల్ చేయకపోయినా ఎన్‌సీబీ పోతుంది.

రిజిస్ట్రేషన్ ఊరిని బట్టి ఇన్సూరెన్స్ రేటుకు జోన్లు ఉంటాయి. హైదరాబాద్, చెన్నై జోన్ ఎ కిందకు వస్తాయి. నెల్లూరు, ఒంగోలు జోన్ బి. దీని గురించి ఎక్కువ భయపడాల్సింది లేదు. పాత రేట్ల పట్టికలో 1000 సీసీ లోపు, ఐదేళ్ల లోపు కారుకు ఐడీవీలో జోన్ ఎకి 3.127 శాతం, జోన్ బికి 3.039 శాతం, అంతే తేడా. ఐదు లక్షల ఐడీవీకి 440 రూపాయలు. అయితే ఏపీ నంబరు కారు వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. దానికి ఇక్కడి ఆర్టీఓ ఆఫీసు నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి, ఇన్సూరెన్స్ కంపెనీకీ చెప్పాలి. కారు ఎక్కువగా ఇంటి దగ్గరే ఉండి సెలవుల్లోనే బయటికి తీస్తే, తిరిగిన కిలోమీటర్లను బట్టి కట్టే పాలసీ గురించి అడగండి. 2022 నుంచి ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దానికి అనుమతించింది.

లైసెన్స్ వచ్చాక కూడా ఎల్ఎల్ఆర్ కాపీ పడేయకండి. నేర్చుకునే రోజుల్లో జరిగిన ప్రమాదం మీద క్లెయిమ్ తర్వాత ఎప్పుడో విచారణకు రావచ్చు. కంపెనీ కాదంటే ముందు వాళ్ల ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పంపాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగ్గా లేకపోయినా ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండూ ఆ ఆఫీసు పరిధిలోవే, ఫీజు లేదు.