మోడలింగ్ యాంప్‌లో ఎఫెక్టులు బాగున్నాయో లేదో చెవితో తేల్చుకోవడం ఎలా?

విశాఖ ఎంవీపీ కాలనీలో సాయంత్రం పూట పిల్లలకు గిటార్ నేర్పుతాను. ఆదివారాలు చర్చిలో, ముహూర్తాల సీజన్‌లో రిసెప్షన్ స్టేజీల మీద వాయిస్తాను. మోడలింగ్ యాంప్, అంటే రకరకాల యాంపుల, ఎఫెక్టుల సౌండ్‌ను లోపలి చిప్ లెక్కగట్టి పుట్టించే యాంప్, కొనే ముందు పిల్లల తల్లిదండ్రులు నన్ను అడిగేది దాదాపు ఒకటే మాట: "మాస్టారూ, దీంట్లో వందకు పైగా ఎఫెక్టులున్నాయంట, తీసేసుకోమంటారా?" వంద ఉన్నాయా, పది ఉన్నాయా అన్నది పక్కన పెట్టండి. పాటల్లో మనం నిజంగా వాడేవి నాలుగైదు. అవి ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికి మీ గిటార్, మీ కేబుల్, కాస్త ఓపిక ఉంటే చాలు.

నేను పట్టుకునేది ఒక్కటే. నోట్ మొదలు వినాలి, చివర వినాలి. పిక్ తీగను తాకిన క్షణంలో ఎఫెక్టు ఏం చేస్తోంది? నోట్ సన్నబడి ఆరిపోయేటప్పుడు ఏం చేస్తోంది? మధ్యలో అన్ని యాంపులూ బాగానే వినిపిస్తాయి. షాపులో కుర్రాడు గబగబా సోలో వాయించి చూపిస్తే అన్నీ మధ్యలే వినిపిస్తాయి, ఏ నోటూ ఆరిపోయే దాకా ఆగడు. అందుకే గిటార్ మీరే తీసుకుని నెమ్మదిగా వాయించండి.

ముందు అన్నీ ఆపేయండి

యాంప్ ఆన్ చేయగానే వచ్చే ప్రీసెట్లలో (కంపెనీ ముందే చేసి పెట్టిన సెట్టింగులు) సాధారణంగా రివర్బ్ (గదిలో మోగినట్టు చేసే ప్రతిధ్వని), డిలే (నోట్‌ను కాస్త ఆగి మళ్ళీ మళ్ళీ వినిపించడం) దండిగా పోసి ఉంటాయి. వాటిని బట్టి ఏమీ నిర్ణయించుకోవద్దు. క్లీన్ సౌండ్ పెట్టి, ఎఫెక్టులన్నీ ఆపేసి, ఏమీ వాయించకుండా ఒక నిమిషం వినండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర సన్నటి గుయ్ మనే హమ్ వస్తుంది. గిటార్‌లో తీగల కంపనాన్ని పట్టే పికప్ సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) రకమైతే ఇంకాస్త ఎక్కువ. కూర్చున్న చోటే గిటార్‌ను పక్కకు తిప్పి చూడండి. హమ్ తగ్గితే అది పికప్ పట్టుకుంటున్నది, యాంప్ తప్పు కాదు.

విశాఖలో ఇంకో చిక్కు ఉంది. సముద్రపు గాలికి జాకులు, నాబులు తొందరగా పాడవుతాయి. డెమో కోసం నెలల తరబడి బయట పెట్టిన యాంప్‌లో ప్లగ్ కదిపితే గరగరమంటుంది, నాబ్ తిప్పితే చిటపటమంటుంది. కోరస్ (రెండు గిటార్లు కలిసి మోగినట్టు చేసే ఎఫెక్టు) ఆన్ చేసినప్పుడు అదే శబ్దం వస్తే కోరస్ బాగోలేదనుకుంటారు. ప్లగ్‌ను నాలుగైదుసార్లు తీసి పెట్టండి, నాబులు అటూ ఇటూ పూర్తిగా తిప్పండి, ఆ తర్వాతే వినడం మొదలుపెట్టండి. షాపు కేబుల్‌ను నమ్మకండి, మీది తీసుకెళ్ళండి.

ఇప్పుడు ఒక్కొక్క ఎఫెక్టునే ఆన్ చేయండి. రెండు కలిపితే ఒకదాని లోపాన్ని రెండోది కప్పేస్తుంది. ముఖ్యంగా రివర్బ్ ప్రతిదాన్నీ కప్పేస్తుంది.

రివర్బ్

నేను ఎక్కువసేపు గడిపేది దీని మీదే. ఎందుకంటే ఒకసారి ఆన్ చేశాక కార్యక్రమం అయ్యేదాకా ఆపని ఎఫెక్టు ఇదొక్కటే.

స్ప్రింగ్ రివర్బ్‌తో మొదలుపెట్టండి. ఫెండర్ కంపెనీ 1963లో వైబ్రోవెర్బ్ అనే మోడల్‌తో దీన్ని తన యాంప్ లోపల పెట్టింది. రేకు పెట్టెలో బిగించిన స్ప్రింగులు సిగ్నల్‌కు కదులుతాయి. ఆ కదలిక ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళి, మెల్లగా ఆగుతుంది. స్ప్రింగులో బేస్, ట్రెబుల్ ఒకే వేగంతో ప్రయాణించవు. అందుకే గట్టిగా కొట్టినప్పుడు బావిలో నీటిబొట్టు పడినట్టు ఓ 'టియ్యుం' వినిపిస్తుంది. మోడలింగ్ యాంప్‌లో స్ప్రింగులేవీ ఉండవు, ఆ ప్రవర్తనను చిప్ లెక్కగట్టి పుట్టిస్తుంది. లెక్క ఎంత శ్రద్ధగా చేశారో తేలేది ఇక్కడే. ఎడమ చెయ్యి తీగల మీద తేలిగ్గా ఆనించి మ్యూట్ చేయండి, రివర్బ్ నాబ్ పూర్తిగా పెంచండి, కుడి చేత్తో ఒక్కసారి 'చక్' మని కొట్టి ఆగండి. ఆ నీటిబొట్టు వినిపించాలి. దాని బదులు మామూలు హాల్ రివర్బే ట్రెబుల్ తగ్గించినట్టు వినిపిస్తే, స్ప్రింగ్ అని పేరు మాత్రమే పెట్టారన్నమాట.

తర్వాత హాల్ (పెద్ద హాలు), ప్లేట్ (లోహపు రేకు) రకం రివర్బ్‌లు. డికే (మోత ఆరడానికి పట్టే సమయం) ఎక్కువ పెట్టి E మేజర్ కార్డ్ ఒక్కసారి స్ట్రమ్ చేసి, తీగలు మూసేసి, తోక, అంటే ఆరిపోయే మోత, మొత్తం వినండి. మంచి రివర్బ్‌లో తోక ఒకే నునుపుతో పలచబడుతుంది. నాసిరకం దాంట్లో చివర్లో గరుకుతనం వస్తుంది, లేదా ఏదో ఒక స్వరం మాత్రం లోహం మోగినట్టు మిగిలిపోతుంది. అది తీగలోంచి వస్తోందా, ఎఫెక్టులోంచి వస్తోందా అని అనుమానం వస్తే, E కార్డ్ తీసేసి B ఫ్లాట్ కార్డ్ కొట్టండి. కార్డ్ మారినా చివర్లో మిగిలే మోత అదే అయితే అది ఎఫెక్టుదే. అలాంటి రివర్బ్‌తో నెమ్మది పాటలు వాయించలేం. ప్రతి పాట చివరా ఆ ఒక్క స్వరమే మోగుతూ ఉంటుంది.

ఇంత చూశాక నాబ్‌ను గడియారంలో తొమ్మిది గంటలు చూపే చోటికి తెచ్చి మళ్ళీ వినండి. మీరు రోజూ వాడేది అక్కడే. కొన్ని యాంపుల్లో తొమ్మిది దాకా ఏమీ వినిపించదు, పది దాటగానే ఒక్కసారిగా హాల్ అంతా నిండిపోతుంది. సౌండ్ బాగున్నా, నాబ్ అలా ఉంటే స్టేజీ మీద ఇబ్బందే.

డిలే

ఒక్క నోట్ పొట్టిగా కొట్టి ఆగండి. మొదటి తిరుగు మోత సంగతి వదిలేయండి, అది అందరిదీ బాగానే ఉంటుంది. మూడోది, నాలుగోది వినండి. డిజిటల్ డిలే అయితే నాలుగోది కూడా మొదటిదంత స్పష్టంగా ఉండి, వాల్యూమ్ మాత్రమే తగ్గాలి. టేప్ లేదా అనలాగ్ అని రాసి ఉంటే ప్రతి తిరుగుకీ ట్రెబుల్ ఇంకొంచెం అరగాలి. 1974లో వచ్చిన రోలాండ్ ఆర్‌ఈ-201 లాంటి టేప్ ఎకోల్లో అయితే టేప్ పరుగులోని తేడాకి స్వరం సన్నగా ఊగుతుంది కూడా. అన్ని తిరుగులూ ఒకే రకంగా మసకబారి ఉంటే, డిజిటల్ డిలేకే ఒక ఫిల్టర్ తగిలించి టేప్ అన్నారని అర్థం.

మోతలు వస్తుండగానే టైమ్ నాబ్ తిప్పండి. టేప్ మోడల్ శ్రద్ధగా చేసినదైతే స్వరం పైకో కిందికో జారుతుంది. టిక్కుటిక్కుమని తెగితే సరిగా చేయలేదు.

టెంపో లెక్క తెలిసి ఉంటే మంచిది. 60,000ను నిమిషానికి ఉన్న బీట్లతో భాగిస్తే ఒక బీట్‌కు ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. టెంపో 100 అయితే 600. మన చర్చి పాటల్లో, జానపదాల్లో సిక్స్ ఎయిట్ నడక (ఆరు చిన్న బీట్లు, మూడేసి కలిసి రెండు పెద్ద బీట్లు) చాలా ఎక్కువ. అందులో పెద్ద బీట్ నిమిషానికి 60 అనుకుంటే, ఒక బీట్ 1000 మిల్లీసెకన్లు, దాంట్లో మూడో వంతు 333. పెద్ద బీట్‌కు ట్యాప్ చేస్తే, అంటే స్విచ్ మీద తాళం తట్టి డిలే సమయం పెడితే, డిలే మరీ దూరంగా పడి పాట కాళ్ళకు అడ్డం పడుతుంది. కాబట్టి యాంప్‌లో ట్యాప్‌ను మూడు భాగాలు చేసే సెట్టింగ్ ఉందో లేదో చూడండి. లేకపోతే చిన్న బీట్లకే కాలితో ట్యాప్ చేయగలరేమో అక్కడికక్కడే ప్రయత్నించండి. ఈ సంగతి ఏ బ్రోచర్లోనూ ఉండదు, మనకి మాత్రం వారం వారం అవసరం.

డిలేలో ఆఖరి పరీక్ష తోక తెగడం. డిలే మోగుతుండగా వేరే ప్రీసెట్‌కు మారండి. మోత సహజంగా ఆరిపోతే బాగుంది. చటుక్కున తెగినా, మధ్యలో క్షణం నిశ్శబ్దం వచ్చినా రాసుకోండి. ప్రార్థన జరుగుతుండగా వెనకాల మెల్లగా వాయిస్తూ పల్లవికి మారే చోట ఆ ఖాళీ హాలంతటికీ తెలుస్తుంది. ఇంట్లో ప్రాక్టీసుకే అయితే ఇది పట్టించుకోనక్కర్లేదు.

మిగతావి

కోరస్ దగ్గర ఒక విషయం తెలిసి ఉండాలి. 1975లో వచ్చిన రోలాండ్ జేసీ-120లో రెండు స్పీకర్లు ఉంటాయి. ఒకదాంట్లోంచి గిటార్ ఉన్నదున్నట్టు, రెండోదాంట్లోంచి స్వరం ఊగుతూ వస్తాయి. రెండూ గదిలో గాలిలో కలుస్తాయి. ఒక్క స్పీకర్ ఉన్న యాంప్‌లో ఆ కలయిక లోపలే జరిగిపోతుంది కాబట్టి ఆ వెడల్పు రాదు. హెడ్‌ఫోన్‌లో విని మురిసిపోయి కొంటే స్పీకర్‌లో నిరాశే. మీరు దేంతో వాయిస్తారో దాంతోనే వినండి. స్పీడ్ బాగా తగ్గించి ఓపెన్ కార్డ్ పట్టుకుంటే, మంచి కోరస్‌లో కూడా తీగలు శ్రుతిలోనే ఉన్నట్టుంటాయి. చెడ్డదాంట్లో ట్యూనింగ్ పోయిందేమోనని చెయ్యి గిటార్ తల మీది ట్యూనింగ్ కీల వైపు వెళ్తుంది.

వాల్యూమ్‌ను ఊపే ట్రెమొలోకు డెప్త్ (ఊపు ఎంత లోతు) పూర్తిగా పెట్టి, ప్రతి ఊపుకీ టిక్ శబ్దం ఉందేమో చూడండి. అంతే చాలు.

స్వరాన్ని పైకో కిందికో మార్చి వినిపించే ఆక్టేవ్, పిచ్ షిఫ్ట్ ఎఫెక్టులకు కొంత న్యాయం చేయాలి. లావు E తీగ దాదాపు 82 హెర్ట్జ్. ఒక్క కంపనం పూర్తవడానికే 12 మిల్లీసెకన్లు పడుతుంది. స్వరం ఏదో గుర్తుపట్టడానికి యంత్రానికి ఆ మాత్రం సమయం కావాలి, కాబట్టి లావు తీగల మీద కాస్త ఆలస్యం సహజం. పన్నెండో ఫ్రెట్ దగ్గర సన్న తీగల మీద కూడా పిక్ వెనకాలే వస్తోందంటే మాత్రం బాగోలేనట్టే. నేను మోహన రాగంలో స రి గ ప ద మీద జారుతూ, గమకం పెట్టి వాయిస్తాను. స్వరం జారుతుంటే ఆక్టేవ్ కూడా దాంతోపాటు జారాలి. మెట్లు మెట్లుగా దూకినా, మధ్యలో వణికినా మన సంగీతానికి అది పనికిరాదు. తర్వాత రెండు తీగలు కలిపి కొట్టండి. అప్పుడు గందరగోళపడే యాంపులు చాలా ఉన్నాయి.

సౌండ్‌ను కరుకు చేసే డ్రైవ్, బలం పెంచే బూస్టర్లకు గిటార్ వాల్యూమ్ నాబే గురువు. డ్రైవ్ పెట్టి గట్టిగా కొట్టండి, తర్వాత గిటార్ వాల్యూమ్‌ను సగానికి తగ్గించండి. కరుకుతనం తగ్గి దాదాపు క్లీన్ కావాలి. కరుకు అలాగే ఉండి శబ్దం మాత్రమే తగ్గితే, మీ చేతి బరువు ఆ డ్రైవ్‌కు అందడం లేదు. ఇంకొకటి. గెయిన్ పూర్తిగా పెంచి, ఒకటో తీగ మీద పదిహేనో ఫ్రెట్ పైన నెమ్మదిగా బెండ్ చేయండి. మీ స్వరం పైకి వెళ్తుంటే, వెనకాల సన్నగా ఇంకేదో స్వరం కిందికి దిగుతున్నట్టు వినిపిస్తే అది ఎలియాసింగ్. డిజిటల్ లెక్కకు అందనంత ఎత్తు స్వరాలు మడతపడి కిందికి వస్తాయి. ఒకసారి విన్నాక చెవి దాన్ని ఎప్పుడూ మర్చిపోదు.

చిన్న శబ్దాలను మూసేసే నాయిస్ గేట్‌కు డిస్టార్షన్‌లో (బాగా కరుకైన డ్రైవ్) ఒక్క నోట్ పట్టుకుని వదిలేయండి. తోక మధ్యలో కత్తిరిస్తే త్రెషోల్డ్ (గేట్ మూసుకునే శబ్ద స్థాయి) తగ్గించండి. తగ్గించినా తెగుతుంటే గేట్ మొరటుది. పెద్ద, చిన్న శబ్దాల తేడా తగ్గించే కంప్రెసర్‌కు ఒక గట్టి స్ట్రమ్, వెంటనే ఒక మెల్లని నోట్. ఆ మెల్లని నోట్ మొదట మునిగి తర్వాత ఉబికితే సెట్టింగ్ మార్చి చూడండి.

ఎక్కడ వాయిస్తారో అక్కడి వాల్యూమ్‌లో

వాల్యూమ్ పెరిగేకొద్దీ చెవికి బేస్, ట్రెబుల్ ఇంకా ఎక్కువగా తెలుస్తాయి. గదిలో తియ్యగా ఉన్న డిలే హాల్లో గుచ్చుకునేది అందుకే. బాస్ కంపెనీ కటానా 50 లాంటి యాంపుల్లో అర వాట్, 25, 50 అని పవర్ మార్చుకునే స్విచ్ ఉంటుంది కాబట్టి చిన్నగానూ పెద్దగానూ రెండు రకాలుగా వినే వీలుంది. షాపులో పెద్దగా పెట్టడానికి ఒప్పుకోకపోతే, మధ్యాహ్నం జనం లేనప్పుడు వస్తానని అడగండి.

టైల్స్ వేసిన చర్చి హాల్‌కు సొంత ప్రతిధ్వని చాలా ఉంటుంది, అక్కడ రివర్బ్ దాదాపు సున్నా. అదే బీచ్ రోడ్డులో వేసిన ఓపెన్ స్టేజీ మీద గోడలే ఉండవు. గిటార్ ఎండిపోయినట్టు వినిపిస్తుంది, యాంప్ రివర్బే దిక్కు. విశాఖలో ఈ రెండు చోట్లా వాయించాల్సి వస్తుంది కాబట్టి, రివర్బ్ మోతాదు యాంప్ మీదే ఒక నాబ్‌తో వెంటనే మార్చుకునే వీలుండాలని నేను పట్టుబడతాను. ఫోన్ యాప్ తెరిస్తేనే మారేదైతే, చెమట చేతులతో స్టేజీ మీద కుదరదు.

లైన్ అవుట్ కూడా వినండి. చాలా యాంపుల్లో హెడ్‌ఫోన్ జాకే రికార్డింగ్ అవుట్‌గా పనిచేస్తుంది, అందులో స్పీకర్ క్యాబినెట్‌ను అనుకరించే సౌండ్ వస్తుంది. మిక్సర్‌కు నేరుగా ఇచ్చేవాళ్ళకు జనం వినేది అదే. దాన్ని వినకుండా కొంటే సగం యాంపే విన్నట్టు.

అన్నీ విన్నాక రెండు యాంపులు దగ్గరగా ఉంటే, రివర్బ్, డిలే బాగున్నదాన్ని తీసుకోండి. డ్రైవ్‌కు ముందు ఒక పెడల్ పెట్టుకోవచ్చు. రివర్బ్, డిలేలను మాత్రం డిస్టార్షన్ తర్వాత కలపాలి. వెనక సెండ్, రిటర్న్ జాకులు (బయటి ఎఫెక్టును యాంప్ డిస్టార్షన్ తర్వాత కలిపే దారి) లేని యాంప్‌లో ఆ పని కుదరదు. బిల్లు వేయించే ముందు ఫుట్‌స్విచ్ పెట్టెలోనే వస్తుందో, విడిగా కొనాలో అడగండి. విడిగా అయితే దాని ధర కూడా కలిపి రెండు యాంపులనూ మళ్ళీ పోల్చండి.