బీఏ సెట్టు వీపుకెత్తుకునే ముందు: కొత్త ఫైర్‌మన్‌కు

బీఏ సెట్టు అంటే వీపున గాలి సిలిండర్, మొహాన మాస్కు. అది వేసుకుని పొగలోకి మొదటిసారి దిగినప్పుడు గుండెదడ మంట కంటపడక ముందే మొదలవుతుంది. చాచిన చెయ్యి కనపడదు. మాస్కులో నీ ఊపిరి నీకే బుసలు కొడుతున్నట్టు వినిపిస్తుంది. సిలిండర్లో ఎంత గాలి ఉందో గుర్తుకు రాదు. దీనికి మందు డ్యూటీ ఎక్కిన మొదటి పావుగంటలో ఉంది తమ్ముడూ. బెల్లు మోగాక చూసుకుందాంలే అంటే కుదరదు.

డ్యూటీ మారగానే సెట్టు దించు. వాల్వు తెరిచి గేజీ చూడు. 300 బార్ (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) సిలిండర్లో 270 కంటే తక్కువుంటే మార్చెయ్. వాల్వు మూసి ఒక నిమిషం ఆగు. ఆ నిమిషంలో ముల్లు 10 బార్లకు మించి పడిపోతే ఎక్కడో లీకు ఉన్నట్టే. జాయింట్లో రింగు అరిగి ఉండొచ్చు. నువ్వు విప్పి బాగుచేయబోకు, సెట్టుకు చీటీ కట్టి పక్కన పెట్టు. ముల్లు నిలబడితే, లోపల మిగిలిన గాలిని కొద్దికొద్దిగా వదులుతూ చూడు. 55 బార్ దగ్గర, అయిదు అటూ ఇటూగా, గాలి అయిపోవస్తోందని హెచ్చరించే విజిల్ మోగాలి. మోగని సెట్టు బండెక్కకూడదు.

మాస్కు గడ్డం దగ్గర నుంచి మొదలుపెట్టు. గడ్డం కప్పులో కూర్చున్నాక పట్టీలు తలమీదుగా వేసి, ముందు కింది జత, తర్వాత కణతల దగ్గరి జత, చివరికి నడినెత్తి పట్టీ బిగించు. రెండు వైపులా ఒకేసారి, వెనక్కి లాగు. ఒక పక్కే లాగితే రబ్బరు వంకరపోతుంది. డిమాండ్ వాల్వు (పీల్చినప్పుడు మాస్కులోకి గాలి వదిలేది) తగిలించక ముందు ఆ రంధ్రానికి అరచెయ్యి అడ్డంపెట్టి గాలి పీల్చు. మాస్కు మొహానికి అతుక్కుని పది సెకన్లు అలాగే ఉండాలి. ఉండలేదంటే మూడింటిలో ఒకటి: గీయని గడ్డం, అంచు కింద చిక్కిన జుట్టు, లేదా లోపలికి దూరిన హుడ్డు (తల, మెడ కప్పే గుడ్డ తొడుగు) అంచు. మూడోది అందరూ చేసే పొరపాటు. మాస్కు వేశాకే హుడ్డు పైకి లాగు. కళ్లజోడు కాడలు కూడా సీలు ఎత్తేస్తాయి. సిలిండర్ వాల్వు పూర్తిగా తిప్పి తెరువు. సగం తిప్పి వదిలేస్తే గోడకు రాసుకుని మూసుకుపోగలదు.

ఇప్పుడు గాలి లెక్క. 6.8 లీటర్ల సిలిండర్ 300 బార్ మీద సుమారు 2,040 లీటర్ల గాలి ఇస్తుంది. నిమిషానికి 40 లీటర్లు పీలిస్తే 51 నిమిషాలు. అది కాగితం మీద మాట. విజిల్ తర్వాతి గాలి తీసేస్తే 41. మెట్లెక్కి, నీళ్ల పైపు లాగి, నిమిషానికి 80 లీటర్లు పీలిస్తే ఇరవై నిమిషాలే. అందుకని నీ సొంత అంకె తెలుసుకో. స్టేషన్ ఆవరణలో సెట్టు వేసుకుని ఇరవై నిమిషాలు పైపు లాగు. 150 బార్లు ఖర్చయితే 150ని 6.8తో గుణించి 20తో భాగించు: నిమిషానికి 51 లీటర్లు. ఇది నెలకోసారి రాసిపెట్టుకో. పాత 200 బార్ స్టీలు సిలిండర్ అయితే ఆ లెక్క వేరు.

లోపల విజిల్ కోసం ఎదురుచూడకు. 280 బార్లతో దిగి, పనిచేసే చోటికి చేరేసరికి 220 ఉందంటే రావడానికి 60 పోయింది. తిరిగి బయటికి వెళ్లడానికీ అంతే కావాలి, పైన 55 నిల్వ. అంటే 115 అవుతుంది, 120 చూడగానే వెనక్కి తిరుగు. జంటగా దిగిన ఇద్దరిలో ఎవరి గేజీ తక్కువుంటే ఆ గేజీయే ఇద్దరికీ లెక్క.

బట్టల సంగతి క్లుప్తంగా: లోపల నూలు బట్టలే, పాలిస్టర్ వేడికి కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఉంగరం, గొలుసు స్టేషన్లోనే. తడి గ్లవుజులు మహా ప్రమాదం: వేడి ఇనుము పట్టుకున్న క్షణంలో ఆ నీరు ఆవిరై చెయ్యి ఉడికిపోతుంది. పొడి జత బండిలో ఉంచు. మోకాళ్ల మీద ఎక్కువసేపు ఆనుకోకు. కోటు, ప్యాంటు పొరల మధ్య ఉండే గాలే నీకు కవచం, ఒత్తిడి పడినచోట అది ఉండదు.

దడ మొదలైతే గుర్తు ఇది: ఊపిరి చిన్నచిన్నగా, వేగంగా, లోపలికే పోతుంటుంది, బయటికి పూర్తిగా రాదు. ‘గాలి ఆడట్లేదు, మాస్కు తీసేద్దాం’ అనిపిస్తుంది. తీయకు. సిలిండర్లో గాలి ఉంది, నువ్వు వదలడం లేదంతే. ఆగు. ఒక మోకాలు దించి, పైపు మీద చెయ్యి వెయ్యి. మామూలుగా పీల్చి, ‘మ్మ్…’ అని సన్నగా మూలుగుతూ నెమ్మదిగా వదులు. నాలుగైదు సార్లు. తర్వాత గేజీ చదివి, వాకీటాకీలో పేరు, ఎక్కడున్నావో, ఎన్ని బార్లో, ఏమైందో చెప్పు. ఈ నాలుగూ వరసగా చెప్పేసరికే బుర్ర కుదుటపడుతుంది.

దారి తప్పితే పైపు తడుము. జాయింటు దొరికేదాకా పాకు. ఆ జాయింటు కప్లింగ్‌లో ఒక సగం నున్నగా ఉంటుంది, రెండో సగానికి రెండు లగ్గులు పొడుచుకొచ్చి ఉంటాయి. లగ్గులున్న సగం పంపు వైపు, అంటే బయటికి దారి అటే. తడమాలి తప్ప లగ్గులు లాగకు, జాయింటు ఊడుతుంది. గ్లవుజు వేసుకుని, మాస్కు అద్దానికి గుడ్డ కట్టుకుని, ఈ తడమడం వేళ్లకు అలవాటయ్యేదాకా చెయ్యి.

మంట ఆరాక మాస్కు తీయాలనిపిస్తుంది. శిథిలాలు కెలికే పనిలో కార్బన్ మోనాక్సైడు ఇంకా ఉంటుంది, కంటికి కనపడదు. ఫైర్‌మన్ పనిలో తగిలే విషాలు క్యాన్సర్ కారకాలని 2022లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ప్రకటించింది. కాబట్టి మసి కోటుతో క్యాబిన్లో కూర్చోకు. బయటే బ్రష్షు కొట్టి, కడిగి, సంచిలో వెయ్యి. వేసవిలో ఒక సిలిండర్ అయ్యాక కోటు విప్పి, ముంజేతులు చల్లని నీళ్లలో పది నిమిషాలు ముంచు. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా రెండో సిలిండర్ తగిలించుకోకు, లీడింగ్ ఫైర్‌మన్‌కు చెప్పు.

కోటుకు బ్లీచింగు వాడకు, ఎండలో ఆరేయకు. రెండూ దారాన్ని తినేస్తాయి. నీడలో ఆరేసి, సిలిండర్ నింపించి, గేజీ అంకె రిజిస్టర్లో రాసి సంతకం పెట్టు.