కొండ ఊరి మురుగునీటి ప్లాంటు: సమస్య ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి

కొండ మీది చిన్న ప్లాంటులో ఏ తేడా వచ్చినా చాలామంది ముందు బ్లోయర్ (ట్యాంకులోకి గాలి ఊదే యంత్రం) మీద చెయ్యి వేస్తారు. ఆగండి. ట్యాంకులో నీటి ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే ప్రవాహం ముందు చూడండి. కొండల్లో సగం సమస్యలు ప్లాంటు బయట, వాతావరణంలోనో పైపుల్లోనో మొదలవుతాయి. ఈ రెండూ రోజూ రాసిపెట్టే పుస్తకం తప్పనిసరి.

క్లారిఫయర్‌లో బురద పైకి తేలుతోంది

క్లారిఫయర్ అంటే బురద అడుగుకు దిగి, తేట నీరు పైన మిగిలే ట్యాంకు. ఆ బురద మురుగును తినే బ్యాక్టీరియా ముద్దే. అది తేలడం చూడ్డానికి ఒకేలా ఉంటుంది గానీ కారణాలు వేరు, మందులు వేరు. ఏరేషన్ ట్యాంకు (గాలి ఊదే ట్యాంకు) చివరి నుంచి లీటరు నీళ్లు గాజు జాడీలో పట్టి, కదపకుండా 30 నిమిషాలు ఉంచండి.

బురద చక్కగా అడుగుకు దిగి, గంటో రెండు గంటలో గడిచాక ముద్దగా పైకి లేచిందా? సన్నటి పుల్లతో కదపండి. చిన్న చిన్న బుడగలు వదిలి మళ్లీ దిగిపోతే అది నైట్రోజన్ వాయువు పని. క్లారిఫయర్ అడుగున బురద ఎక్కువసేపు ఉండిపోతోందన్నమాట. బురదను ఏరేషన్ ట్యాంకుకు తిప్పి పంపే రిటర్న్ పంపు వేగం పెంచండి, మూలల్లో పేరుకున్నది గీకి తీయండి.

అరగంటైనా సరిగ్గా దిగకపోతే, శుద్ధి చేసిన నీటిని అంతే పరిమాణంలో కలిపి మరోసారి చూడండి. ఇప్పుడు బాగా దిగితే ట్యాంకులో బురద మోతాదు మించింది, కొంత తీసేయాలి. అప్పుడూ దూదిలా తేలుతుంటే పోగుల్లాంటి బ్యాక్టీరియా పెరిగింది. కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గిందేమో, గాలిని బుడగలుగా వదిలే డిఫ్యూజర్లు పూడుకుపోయాయేమో చూడండి.

జాడీలో అంతా బాగానే ఉండి క్లారిఫయర్ మాత్రం పొర్లుతోందంటే, తప్పు బురదది కాదు, ప్రవాహానిది.

వానకో, మంచు కరిగినప్పుడో ప్రవాహం అమాంతం పెరుగుతోంది

పల్లంలో ఉన్న మ్యాన్‌హోల్ మూతలు, పగిలిన జాయింట్లు, మురుగు లైనుకి కలిపేసిన ఇంటికప్పు నీళ్ల పైపులు అనుమానించండి. ఊరంతా నిద్రపోయే తెల్లవారుజామున పై నుంచి కిందికి మూతలు తీస్తూ టార్చి వేసి చూడండి. ఆ వేళలో తేటగా, చల్లగా నీళ్లు పారుతుంటే ఆ పైభాగంలోనే లీకు ఉంది. చూడటం పైనుంచే. లోపలికి ఎట్టి పరిస్థితుల్లోనూ దిగొద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసన కూడా తెలియదు, మనిషి అక్కడే కూలిపోతాడు. కాపాడబోయి దిగినవాళ్లు కూడా ఇలాగే పోతారు.

లీకులు పూడ్చేదాకా, ప్రవాహం ఉధృతంగా ఉన్న గంటో రెండు గంటలో గాలి ఆపితే బురద కొట్టుకుపోకుండా ఏరేషన్ ట్యాంకులోనే దిగి ఉంటుంది. ఆ తర్వాత గాలి మళ్లీ పెట్టడం మర్చిపోవద్దు.

చలికాలంలో అమ్మోనియా తగ్గట్లేదు

నీరు 10 డిగ్రీల కంటే చల్లబడితే నైట్రిఫికేషన్ (బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేటుగా మార్చడం) బాగా మందగిస్తుంది, 5 డిగ్రీల దగ్గర దాదాపు ఆగిపోతుంది. చలి వచ్చాక చేయగలిగింది తక్కువ. చలికి ముందే బురద తీయడం రోజుకు కొద్దికొద్దిగా తగ్గిస్తూ ట్యాంకులో నిల్వ పెంచుకోవాలి, వీలైతే ట్యాంకులకు కప్పు వేయాలి.

ఎత్తు సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2,000 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో ఐదింట నాలుగు వంతులే. మైదానానికి లెక్కగట్టిన బ్లోయర్ అక్కడ తక్కువ ఆక్సిజన్ ఇస్తుంది.

చలి లేని రోజుల్లోనూ ఇదే సమస్య ఉంటే పీహెచ్ చూడండి. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ నైట్రేటుగా మారేటప్పుడు సుమారు 7 మిల్లీగ్రాముల ఆల్కలినిటీని (నీరు ఆమ్లంగా మారకుండా ఆపే గుణాన్ని) తినేస్తుంది. మంచు కరిగిన నీటిలో అసలే ఆల్కలినిటీ తక్కువ. పీహెచ్ 6.5 కిందికి జారితే సోడియం బైకార్బొనేట్ కొద్దికొద్దిగా కలపండి.

నురగ

తెల్లగా, తేలిగ్గా ఉంటే బురద ఇంకా లేతది, తీయడం తగ్గించండి. గోధుమరంగులో చిక్కగా, జిడ్డుగా ఉంటే బురద ముదిరింది, నూనె కూడా ఎక్కువగా వస్తోంది. పైపైన తీసి బయట పారేయండి, నీళ్లు కొట్టి మళ్లీ ట్యాంకులోకి తోయకండి. లాడ్జిల వంటగదుల్లో జిడ్డును ఆపే గ్రీజు ట్రాప్‌లు శుభ్రం చేస్తున్నారో లేదో అడగండి.